40 లక్షల లోన్‌తో ఎంఎస్‌కి వెళ్లనా, వరంగల్‌లో ఎంటెక్ చేయనా?

ప్రశ్న: మాది తెనాలి. ఈఈఈలో బీటెక్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 38,000 వస్తుంది. ఈ ఏడాది గేట్ స్కోరుతో వరంగల్ ఎన్‌ఐటీలో ఎంటెక్ సీటు వచ్చేలా ఉంది. ఫీజు, హాస్టల్, మెస్ కలిపి రెండేళ్లకు మూడున్నర లక్షలని లెక్కేసుకున్నాను. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి ఎంఎస్ అడ్మిట్ కూడా ఉంది, దానికి 40 లక్షలు కావాలి. నాన్నగారు ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. జీతం 45,000, ఇంకో నాలుగేళ్లు సర్వీసు ఉంది. ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెడతానంటున్నారు. నా సేవింగ్స్ 4 లక్షలు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో లోన్ ఎంతో ఉంది, ఈఎంఐ ఎంతో లేదు. చాలా ఇళ్లలో ఇంతే. ఎంత ఇస్తారని బ్యాంకును అడుగుతారు, నెలకు ఎంత కట్టాలో వీసా వచ్చాక గుర్తొస్తుంది. ముందు ఆ లెక్క చూద్దాం. నాన్నగారు లెక్కల మాస్టారే కాబట్టి ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.

వడ్డీ 10.5 శాతం అనుకుందాం. మొదటి ఏడాది 20 లక్షలు, రెండో ఏడాది 20 లక్షలు ఇస్తారు. చదువుకునే రెండేళ్లు, ఆ పైన ఒక ఏడాది మారటోరియం. ఈఎంఐ ఉండదు గానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మొదటి 20 లక్షల మీద మూడేళ్లకు 6.3 లక్షలు, రెండో 20 లక్షల మీద రెండేళ్లకు 4.2 లక్షలు. బారువడ్డీ వేసినా పదిన్నర లక్షలు. అంటే మొదటి ఈఎంఐ రోజుకి మీ అప్పు 50.5 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 68,000 కట్టాలి. పదిహేనేళ్లయితే 56,000, అప్పుడు మొత్తం కట్టేది కోటి దాటుతుంది.

డాలరు 90 రూపాయల లెక్కన 68,000 అంటే సుమారు 750 డాలర్లు. అక్కడ ఇంజినీరు ఉద్యోగం దొరికితే ఇబ్బంది లేదు. నా భయమల్లా ఆ 'దొరికితే' గురించే. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థులకు అక్కడే పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) మీద ఏడాది, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సు కాబట్టి ఆ తర్వాత ఇంకో రెండేళ్లు పని చేయొచ్చు. కానీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఖాళీగా ఉండకూడదు. ఆ పైన ఉద్యోగ వీసా అయిన హెచ్1బీ కోసం లాటరీ. ఏటా 65,000 వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా ఇంకో 20,000.

పోయినేడు ఒక తండ్రి మా ఆఫీసుకు వచ్చి వాట్సాప్ తెరిచి చూపించారు. కూతురి దగ్గర్నుంచి రోజుకో మెసేజ్, అందులో ఒక్క అంకె: 61, 62, 63. ఖాళీ రోజుల లెక్క అది. ఆ పిల్ల మంచి గ్రేడ్లతోనే పాసయింది. అదే ఫోన్‌లో బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ కూడా చూపించారు. మూడు నెలల్లో ఈఎంఐ మొదలు.

అందుకే నేను పెట్టుకున్న పద్ధతి ఒకటి చెబుతాను. ఎంఎస్ చేసి హైదరాబాద్ తిరిగొచ్చేస్తే వచ్చే జీతంలో సగంతో ఈఎంఐ కట్టగలగాలి. మీకు 75,000 వస్తుందనుకుంటే సగం 37,500. ఆ ఈఎంఐకి పదేళ్ల మీదైతే 22 లక్షలు, పదిహేనేళ్ల మీదైతే 26 లక్షల దాకా అప్పు చేయొచ్చు. 40 లక్షలు మాత్రం మీ ఇంటికి ఎక్కువ. ఉన్న ఒక్క ఇంటి మీద ఇంత అప్పుకి నేనైతే సంతకం పెట్టనివ్వను.

"పార్ట్‌టైమ్ చేసుకుంటే ఫీజు వచ్చేస్తుంది" అని కన్సల్టెన్సీవాళ్లు చెప్పే ఉంటారు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలే. గంటకు 12 డాలర్లు అనుకున్నా నెలకు వెయ్యి డాలర్లు రావడం కష్టం. తిండికి, రూమ్ అద్దెలో కొంత భాగానికి సరిపోతుంది, ఫీజుకి కాదు. బయట గ్యాస్ స్టేషన్లో చేస్తే వీసా స్టేటస్‌కే ఎసరు. బ్యాంకు బ్యాలెన్స్ చూపించడానికి డబ్బు సర్దుతామంటారు, ఆ జోలికీ పోకండి.

ఇక వరంగల్. గేట్ అర్హతతో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండ్, 24 నెలలకు 2,97,600. మీరు వేసుకున్న ఖర్చులో చాలావరకు అదే తీరుస్తుంది. స్కాలర్‌షిప్ కాబట్టి పన్ను ఉండదు. స్టైపెండ్ ఒక్కోసారి ఆలస్యమవుతుంది, కాబట్టి 4 లక్షల్లోంచి లక్ష పక్కన పెట్టుకోండి. ఇక్కడ అసలు ఖర్చు ఫీజు కాదు, రెండేళ్లపాటు వదులుకునే జీతం. అది 9 లక్షల పైనే. అందుకని పవర్ ఎలక్ట్రానిక్స్ లాంటి కోర్ వైపు వెళ్లాలని గట్టిగా ఉంటేనే చేరండి. పేరు పక్కన ఎంటెక్ అని రాసుకోవడానికైతే వద్దు. ఇంకో మాట, ఈఈఈవాళ్లను పవర్‌గ్రిడ్ లాంటి ప్రభుత్వ సంస్థలు గేట్ స్కోరుతోనే తీసుకుంటాయి, ఆ నోటిఫికేషన్లు చూశారా? వాటికి బీటెక్ చాలు.

అమెరికాయే అని మనసులో ఉంటే ఈ ఏడాది ఆగండి. అడ్మిట్‌ను వచ్చే ఏడాదికి మార్చగలరేమో యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. ఈలోగా నెలకు 15,000 దాచినా 1.8 లక్షలు. 22 లక్షల అప్పుకి మీ సేవింగ్స్ కలిపితే సరిపోయేలా, ఖర్చు 28 లక్షల లోపు తేలే యూనివర్సిటీలకు మళ్లీ అప్లై చేయండి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి ఉంది. మీది ఆంధ్ర కాబట్టి అక్కడ ఇప్పుడు ఏ పథకం నడుస్తోందో గుంటూరు సంక్షేమ శాఖ ఆఫీసులోనే అడగండి, ఏజెంట్‌ను కాదు.

లోన్ తీసుకుంటే చదువుకునే కాలంలోనే వడ్డీ కట్టడం మొదలుపెట్టండి. 10 లక్షలు ఇచ్చిన ఏడాది అది నెలకు 8,750. అలా కడితే కొన్ని ప్రభుత్వ బ్యాంకులు వడ్డీ రేటులో 1 శాతం తగ్గిస్తాయి. మీ పేరు మీద లోన్ మొత్తానికి సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ పాలసీ విడిగా తీసుకోండి. వడ్డీ మీద పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. నాన్నగారు కొత్త విధానంలో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఎంటెక్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయం చేసుకునే గడువు ముందు వస్తుంది, ఆ డబ్బు కట్టేయండి. యూనివర్సిటీకి డిపాజిట్ మాత్రం వాయిదా గురించి జవాబు వచ్చేదాకా పంపకండి. ఇంటి దస్తావేజులు బీరువాలోనే ఉండనివ్వండి.