తడి ఉన్నచోట గాలి లేదు, గాలి ఉన్నచోట తడి లేదు

గుంటూరు

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ చూశాను. బాత్రూంలో పెట్టిన రెండు పుట్టగొడుగుల బెడ్లకి, అదే గడ్డీ విత్తనమూ నింపిన కవర్లకి, కాడలు వేలెడేసి సాగి, పైన గొడుగు మాత్రం చొక్కా గుండీ అంత ఉంది. బాల్కనీలో వేలాడదీసిన రెండింటికి మొలకలు గుత్తులుగానే వచ్చాయి కానీ పెరక్కుండానే పసుపు తిరిగి వడిలిపోయాయి. నువ్వేమో నాలుగింటికీ ఒకటే వైద్యం చేస్తున్నావు, ఇంకాస్త నీళ్లు కొట్టడం. "రోజుకి నాలుగుసార్లు స్ప్రే చాలదా పెద్దమ్మా" అని అడిగావు. బాత్రూం బెడ్లకి తడి సరిపోయింది, గాలి ఆడలేదు. బాల్కనీ బెడ్లకి గాలి బాగానే ఆడింది, తడి నిలవలేదు. ఈ రెండూ ఒకే చోట కుదిరిస్తే నీ టెన్షన్ ముప్పాతిక వంతు తీరుతుంది.

ముందు బాల్కనీ సంగతి. పుట్టగొడుగులో నూటికి తొంభై వంతులు నీరే. ఆకుకి ఉన్నట్టు దానికి మైనపు పొర లేదు. చుట్టూ గాలి పొడిగా ఉంటే ఒంట్లో నీరంతా గాలికి పోతుంది. ఆ నీటిని అది తెచ్చుకునేది ప్రధానంగా కింద గడ్డిలోంచి. నువ్వు పైన చల్లేది దాని ఒంట్లోకి పెద్దగా పోదు, చుట్టూ గాలిని కాసేపు తడిగా ఉంచుతుందంతే. నువ్వు పెంచే ముత్యపు చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగులకి మొలక దశలో గాలిలో తేమ 85 శాతం పైన ఉండాలి. మీ విజయవాడ మొగల్రాజపురంలో ఈ రోజుల్లో తెల్లవారుజామున అంత ఉండొచ్చు. మధ్యాహ్నానికి ఏమవుతుందో లెక్క చూడు. 22 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి, అందులో నీరు ఒక్క చుక్క తగ్గకపోయినా, 33 డిగ్రీలకి వేడెక్కేసరికి 42 శాతం దగ్గరికి పడిపోతుంది. వేడి గాలి ఇంకా ఎక్కువ నీరు పట్టగలదు, అందుకని దొరికినచోట పీల్చుకుంటుంది. నువ్వు ఆఫీసులో ఉన్న ఆ ఆరేడు గంటల్లోనే మీ మొలకలు చచ్చిపోతున్నాయి. పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు కొట్టి ఏం లాభం?

అల్లుడు ఏసీ గదిలో పెడదామన్నాడట. వద్దని చెప్పు. ఏసీ పైపులోంచి బకెట్‌లో కారే నీళ్లు ఆ గది గాలిలోవే. చల్లదనం వస్తుంది కానీ తేమ పోతుంది. కూలర్ అయితే కొంత నయం, ఎండాకాలం పొడి గాలిలో చల్లదనం, తేమ రెండూ ఇస్తుంది. కానీ దాని గాలి సూటిగా బెడ్ల మీదకి తగలకూడదు, గోడకేసి తిప్పి పెట్టాలి.

ఇక బాత్రూం. పుట్టగొడుగులు మనలాగే ప్రాణవాయువు పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. బయట గాలిలో అది పది లక్షల వంతుల్లో 420 వంతులు ఉంటుంది. కాపు దశలో వెయ్యి దాటకుండా ఉంటే ముత్యపు చిప్పకి హాయి. తలుపేసిన చిన్న బాత్రూంలో అది త్వరగా పేరుకుపోతుంది. అప్పుడు పుట్టగొడుగు గొడుగు విప్పడం మానేసి, గాలి ఎక్కడుందా అని కాడని సాగదీస్తుంది. కాడ మొదట్లో తెల్లటి నూగు కనిపిస్తోందని బూజు అనుకుని భయపడ్డావు కదా, అది కూడా గాలి చాలకే. బూజు కాదది, అదే పుట్టగొడుగు తాలూకు దారాలు. ఆ గుత్తి కోసి వండేసుకో, రుచికి లోటుండదు, కాడలు కాస్త పీచుగా ఉంటాయి. వెలుతురు తక్కువైనా కాడలు సాగుతాయి. పగటిపూట లైటు వేయకుండా పేపరు చదువుకోగలిగినంత వెలుతురు ఉంటే చాలు, ఎండ మాత్రం పడకూడదు. ఇంకో మాట, ఫినాయిలు, యాసిడ్, దోమల స్ప్రే వాడేచోట తినేది పెంచకు.

ఇప్పుడేం చెయ్యాలంటే, మీ వంటింటి వెనక యుటిలిటీ బాల్కనీలో, వాషింగ్ మెషిన్ పక్క మూల బాగుంటుంది. ఎండ పడదు, కిటికీ ఊచల్లోంచి గాలి వస్తుంది. అక్కడ పాత షూ స్టాండు లాంటిది ఏదైనా నిలబెట్టు. కింద వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో రెండంగుళాల మందం ఇసుక పోసి తడిపి ఉంచు. మూడు వైపులా గోనె పట్టాలు వేలాడదీసి, వాటి కింది అంచు ట్రేలో నీళ్లకి తగిలేలా చూడు, పట్టా తనంతట తనే నీరు పైకి పీలుస్తుంది. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ మూల ఎండిపోదు. పైన, ముందు వైపు పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి, దానికి పైనా కిందా వేలు దూరేంత కంతలు పది పన్నెండు పెట్టు. పొద్దున లేవగానే, సాయంత్రం ఇంటికి రాగానే ముందు షీటు ఎత్తి పావుగంట వదిలెయ్యి. ఆ తర్వాతే స్ప్రే. గాలి మార్చకుండా నీళ్లు కొడితే బాత్రూం కథే మళ్లీ. ట్రే లేకుండా మాత్రం మొదలుపెట్టకు, నీళ్లు కింది ఫ్లాటు వాళ్ల గోడలోకి దిగితే అపార్ట్‌మెంటు మీటింగ్‌లో పుట్టగొడుగుల మీదే చర్చ పెడతారు.

గోనె పట్టాలు కొత్తవి కొనుక్కో, లేదా బియ్యం సంచులు తీసుకో. మన గుంటూరు నుంచి ఎవరైనా మిర్చి గోనెలు ఉచితంగా ఇస్తామన్నా వద్దను. అవి తడిస్తే ఇల్లంతా దగ్గులూ తుమ్ములే. వారానికోసారి పట్టాల్ని మరిగే నీళ్లలో ముంచి ఎండలో ఆరెయ్యి, లేకపోతే వాటికే బూజు పట్టి బెడ్లకి అంటుతుంది.

ఆన్‌లైన్‌లో కొన్న ఆ చిన్న తేమ మీటరు 90 చూపిస్తోందని మురిసిపోతున్నావు. నమ్మే ముందు దాన్ని పరీక్షించు. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, ముద్దగా తడిసేలా కొన్ని చుక్కల నీళ్లు పొయ్యి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటర్నీ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారి 75 చూపించాలి. తడి ఉప్పు మీద గాలిలో తేమ అక్కడే నిలుస్తుంది. 82 చూపిస్తే నీ మీటరు ఏడు ఎక్కువ చెబుతోందన్నమాట, ఆ మేరకు తగ్గించుకుని చదువు. మీటరుని బెడ్ల ఎత్తులో వేలాడదియ్యి, ట్రేలో పడెయ్యకు.

స్ప్రే విషయం. నాజిల్ పైకి పెట్టి గాలిలోకి, పట్టాల మీదకి, గోడ మీదకి కొట్టాలి. గుండుసూది తలంత మొలకల మీద సూటిగా కొడితే అక్కడే ముద్దయిపోతాయి. గొడుగులు రూపాయి బిళ్లంత అయ్యాక పల్చగా పొగమంచులా తగిలితే పరవాలేదు. కొట్టిన నీరు రెండు మూడు గంటల్లో ఆరిపోవాలి. గొడుగు మీద నీళ్లు నిలిచి ఉంటే పసుపు, గోధుమ రంగు మచ్చలొచ్చి జిగురుగా తయారవుతుంది. అది బాక్టీరియా మచ్చ. నీ మూడో ఫొటోలో ఎడమవైపు గుత్తి అలాగే ఉంది, దాన్ని మెలితిప్పి తీసి పారెయ్యి. రాత్రి పడుకునే ముందు స్ప్రే మానెయ్యి, ఆరే వేళ కాదది. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసనుంటే బకెట్‌లో పట్టి ఒక పూట మూత లేకుండా ఉంచి వాడు. బోరు నీళ్లయితే నాజిల్‌కి తెల్లటి సున్నం పట్టి, పొగలా రావలసింది చుక్కలుగా పడుతుంది. అప్పుడప్పుడు వెనిగర్‌లో నానబెట్టు.

బాల్కనీ బెడ్లలో ఒకదాని అడుగున పసుపుపచ్చటి నీరు చేరిందన్నావు. అది స్ప్రే నీరు కాదు. గడ్డి నింపేటప్పుడే తడి ఎక్కువైంది. అడుగున సూదితో నాలుగు కంతలు పెట్టి కారనియ్యి. పుల్లటి కుళ్లు వాసన వస్తే మాత్రం ఆశలు పెట్టుకోకు, మూటకట్టి పారెయ్యి. ఈసారి చేతి అంచనా కాకుండా కాటా మీద చూసుకో. కిలో ఎండుగడ్డి నానబెట్టి, ఉడికించి, నీరు కారిపోయాక రెండున్నర కిలోల దగ్గర తూగాలి. మూడున్నర తూగిందంటే ఇంకా నీడలో పరిచి ఆరబెట్టాలి. గుప్పెడు గట్టిగా పిండితే అరచెయ్యి తడవాలి, నీళ్లు ధారగా కారకూడదు. మరీ పొడిగా నింపినా కష్టమే. అప్పుడు పైన ఎంత తేమ పెట్టినా మొలకలు ఆగిపోతాయి, ఎందుకంటే తాగడానికి కింద నీరుండదు. గడ్డి శుద్ధికి 100 లీటర్ల నీటికి కార్బెండజిమ్ అనే బూజు మందు 7.5 గ్రాములు, ఫార్మలిన్ 125 మిల్లీలీటర్లు అని రైతులకి చెబుతారు. పెద్ద షెడ్లకి అది సరే. ఫ్లాటులో, పిల్లలున్న ఇంట్లో ఫార్మలిన్ ఘాటు నాకు ఇష్టం లేదు. పెద్ద గిన్నెలో 80 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచు, చాలు. తెనాలి వైపు నుంచి తెచ్చిన కొత్త గడ్డి పసుపు మెరుపుతో ఉంటుంది, వానకి తడిసి నల్లబడిన గడ్డి ఎవరిచ్చినా తీసుకోకు.

విడిగా పెట్టిన ఐదో బెడ్డుకి అసలు మొలకే రాలేదంటే కారణం ఫొటోలోనే కనిపిస్తోంది. మధ్యలో ఇంకా గడ్డి రంగు పాచెస్ ఉన్నాయి. దారాలు అల్లుకుని మొత్తం తెల్లబడాలి, దానికి పదిహేను నుంచి ఇరవై రోజులు పట్టడం మామూలే. నువ్వు తొందరపడి బ్లేడుతో గాట్లు పెట్టావు. గాట్ల మీద టేపు అతికించి, చీకటి మూలన ఇంకో వారం ఉంచు. బెడ్లు ఒకదానికొకటి ఆనించకు. గడ్డిని తింటూ దారాలు పుట్టించే వేడి వల్ల బెడ్డు లోపల గది కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

ముదురాకుపచ్చ బూజు కనిపిస్తే ఆ బెడ్డుని ఇంట్లో విప్పకు, కవరుతో సహా బయటికి. చిన్న ఈగలకి పసుపు జిగురు అట్టలు కట్టు, మందులు కొట్టకు. గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే కోసెయ్యి. అంచు పైకి లేచిందంటే తెల్లటి పొడి రాలుతుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. అల్లుడికి ఆయాసం ఉంది కాబట్టి కోత పని అతనికి అప్పగించకు, నువ్వూ మాస్కు పెట్టుకో. కోసే ముందు పూట స్ప్రే మానితే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయి. మొదటి కోత తర్వాత మొదళ్లు శుభ్రంగా గీకేసి అలాగే ఉంచు, వారం పది రోజుల్లో రెండో కాపు వస్తుంది. అన్ని కాపులూ కలిపి కిలో ఎండుగడ్డికి అరకిలో పుట్టగొడుగులు వస్తే మొదటిసారికి అది మంచి దిగుబడే. యూట్యూబ్ వాళ్లు చెప్పే లెక్కలు పక్కన పెట్టు.

ఇంత చెప్పాను కానీ, ముత్యపు చిప్పకి మన కాలం అయిపోవస్తోంది. దానికి 20 నుంచి 30 డిగ్రీలు కావాలి. చలి శివశివా అంటూ శివరాత్రికి వెళ్లిపోయాక విజయవాడలో ఆ చల్లదనం ఎక్కడిది? మీ వెనక కొండరాళ్లు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంటాయి. ఎండల్లో దానితో కుస్తీ పడేకంటే పాల పుట్టగొడుగులకి మారు. అది మన దేశపు జాతే, 1974లో పశ్చిమ బెంగాల్ నుంచి తొలిసారి వర్ణించారు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఏపీకే-2 రకం బాగా నడుస్తోంది. 30 నుంచి 35 డిగ్రీల్లో హాయిగా కాస్తుంది, కోశాక కూడా ఎక్కువ రోజులు నిలుస్తుంది. రోహిణి కార్తెలో దానికీ నీడా తేమా కావాల్సిందే, అప్పటికి నీ గోనెల మూల పని నేర్చుకుని ఉంటుంది.

దానికి ఒక్క పని అదనం. బెడ్డు తెల్లబడ్డాక పై కవరు కోసి, ఉడికించి చల్లార్చిన మట్టి అంగుళం మందం పరవాలి, కేసింగ్ అంటారు. అందులో నూటికి రెండు వంతులు సుద్దపొడి కలపాలి. ఆ మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, బురద కాకూడదు. దానికి తేమ చూసుకోవడం ముత్యపు చిప్ప కంటే తేలిక, ఎందుకంటే నీరు పట్టి ఉంచే పని మట్టే చేస్తుంది. పది రోజుల్లో మొలకలు లేస్తాయి, ఇంకో వారానికి కోత.

స్పాన్, అంటే గింజల మీద పెంచిన పుట్టగొడుగు విత్తనం, దుకాణంలో ఏది దొరికితే అది కొనకు. ప్యాకెట్ మీద తయారైన తేదీ చూడు, నెల దాటినది వద్దు. గింజలన్నీ తెల్లగా ఉండాలి, ఆకుపచ్చ చుక్క ఒక్కటున్నా వెనక్కిచ్చెయ్యి. నీకు వీలు కుదిరిన రోజు ఇటు వస్తే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వెళ్లి, మంచి స్పాన్ ఎక్కడ దొరుకుతుందో అక్కడి వాళ్లనే అడుగుదాం. కేసింగ్ మట్టి నా దగ్గర సిద్ధంగా ఉంది, ఆదివారం మీ అమ్మ వచ్చినప్పుడు ఒక సంచి పంపిస్తాను. మోయలేనంటుంది, ఆటోవాడికి ఇరవై ఎక్కువిచ్చి పైదాకా తెప్పించుకోమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ