జపాన్ మేపుల్ గింజ మొలుస్తుంది, మరి హైదరాబాద్‌లో చెట్టు నిలుస్తుందా?

ప్రశ్న: మాది మొయినాబాద్ మండలం. అర ఎకరంలో షేడ్‌నెట్ వేసి నర్సరీ నడుపుతున్నాను. విల్లాల వాళ్లు ఫోన్లో ఫొటోలు చూపించి జపాన్ మేపుల్ అనే ఎర్రాకుల అలంకార చెట్టు కావాలంటున్నారు. ఆన్‌లైన్‌లో ఎరుపు, ఊదా, నీలం రకాల విత్తనాలు తెప్పించి జూన్‌లో ప్రోట్రేల్లో (నారు పెంచే గుంతల ట్రేల్లో) వేశాను. ఒక్కటీ మొలవలేదు. ఎలా మొలిపించాలి? మన దగ్గరకు ఏ రకం మంచిది? వెయ్యి మొక్కలు పెంచి అమ్ముకోవచ్చా?

సమాధానం: ఇందులో మీ ప్రోట్రేల తప్పు, నీటి తప్పు ఏమీ లేదు. అవి నిజంగా మేపుల్ గింజలే అయితే, వాటికి తగలాల్సిన చలి తగల్లేదు.

జపాన్, కొరియా అడవుల్లో ఈ చెట్టు కాయలు అక్టోబరు ప్రాంతంలో పండి రాలతాయి. రాలిన వెంటనే మొలిస్తే మంచుకు లేత మొక్క బతకదు. అందుకే కొన్ని నెలలు తడీ చలీ కలిసి తగిలితే తప్ప గింజలో కదలిక రాదు. మన జూన్ వేడిలో అది నిద్రలోనే ఉండిపోతుంది, లేదంటే కుళ్లిపోతుంది. ట్రేలు పారబోసే ముందు నాలుగు గింజలు తీసి బ్లేడుతో చీల్చి చూడండి. లోపల మడతపడ్డ లేతపచ్చ లేదా వెన్నరంగు పప్పు గట్టిగా ఉంటే ఇంకా ఆశ ఉంది. పొట్టు ఖాళీగా ఉన్నా, లోపల నల్లగా జిగురుగా ఉన్నా వాటిని వదిలేయండి. ఈ జాతిలో తాలు గింజలు ఎక్కువే.

ముందుగా నీలం సంగతి చెప్పాలి. నీలం ఆకుల మేపుల్ అనేదే లేదు. ఆ ఫొటోలు కంప్యూటర్‌లో రంగు మార్చినవి. అసలు మేపుల్ కాయ రెండు రెక్కలతో జంటగా వస్తుంది. ఒక్కో రెక్క మొదట్లో ఒక్కో గింజ ఉంటుంది. రెక్క విరిచి అమ్మినా, విరిగిన అంచు గింజకు ఒకవైపు కనిపిస్తుంది. మీ ప్యాకెట్‌లో ఆవాల్లాంటి గుండ్రటి గింజలుంటే అవి మరేవో మొక్కవి. ఇంకో మాట. విదేశాల నుంచి విత్తనం తెప్పించాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్ ఉండాలి, పంపిన దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. అవి లేకుండా పోస్టులో వచ్చిన ప్యాకెట్‌ను దయచేసి విప్పి నాటకండి. గింజతోపాటు మనకు లేని కలుపు, తెగులు వచ్చిందంటే నష్టం మీ ఒక్కరితో ఆగదు. 2020 ఆగస్టులో కేంద్ర వ్యవసాయ శాఖ ఇలాంటి అనుమానాస్పద విత్తన ప్యాకెట్ల మీద రాష్ట్రాలను హెచ్చరించింది.

మంచి గింజ దొరికితే మొలిపించడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి అంతే. రెక్కలు విరిచి, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేసి ఒక రోజంతా వదిలేయండి. బాగా ఎండిన గింజైతే రెండు రోజులు ఉంచండి. తర్వాత కడిగిన కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) కొంచెం పెర్‌లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి పలుకులు) కలిపి తడపండి. పిడికిలితో పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలాలి. అంతకు మించి తడి ఉంటే బూజు ఖాయం. గింజలు అందులో కలిపి జిప్ కవర్లో వేసి, తేదీ రాసి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. 3 నుంచి 5 డిగ్రీల మధ్య 90 నుంచి 120 రోజులు ఉండాలి. రెండు నెలలు దాటాక వారానికోసారి కవరు తీసి చూడండి. కొన్ని ఫ్రిజ్‌లోనే తెల్లటి వేరు బయటపెడతాయి. వాటిని అప్పటికప్పుడు కుండీలోకి మార్చాలి. ఆలస్యమైతే వేరు కోకోపీట్‌లో అల్లుకుని, లాగినప్పుడు తెగుతుంది.

మన దగ్గర అసలు కిటుకు తేదీలోనే ఉంది. ఆగస్టు చివర ఫ్రిజ్‌లో పెడితే డిసెంబరు మొదట్లో మొలకలు వస్తాయి. మార్చి ఎండలు ముదిరేలోపు మొక్కకు మూడు నెలల చల్లని కాలం దొరుకుతుంది. చాలామంది చలి మొదలయ్యాక ఫ్రిజ్‌లో పెట్టి, సరిగ్గా ఎండలకు ముందు మొలకలు తీస్తారు. అవి నాలుగు ఆకులైనా వేయకముందే మాడిపోతాయి.

మొలకలకు మొదటి గండం నారుకుళ్లు. కాండం నేలను తాకే చోట మెత్తబడి దారంలా సన్నబడుతుంది, మొక్క పక్కకు వాలిపోతుంది. కుండీ మిశ్రమంలో ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచే మేలుచేసే శిలీంధ్రం) కలపండి, నీరు పొద్దునే పెట్టండి. ఒకటి రెండు వాలినట్టు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. అయితే ఆ మందు, ట్రైకోడెర్మా ఒకేసారి వాడకూడదు, మధ్యలో రెండు వారాలైనా ఎడం ఉండాలి.

ఇక రకాల గురించి. మామిడి టెంక పాతితే బంగినపల్లి రానట్టే, ఇక్కడా విత్తనంతో రకం రాదు. ముదురు ఎరుపు ఆకుల బ్లడ్‌గుడ్, పగడపు రంగు బెరడుండే సాంగో కాకు, ఆకు సన్నగా చీలి కొమ్మలు కిందికి వాలే క్రిమ్సన్ క్వీన్, వేసవంతా పచ్చగా ఉండి ఆకురాలే ముందు నిప్పులా ఎర్రబడే ఒసకజుకి, ఇవన్నీ అంటు కట్టి పెంచినవే. మొలకెత్తించిన పచ్చాకు మొక్కను వేరుమూలంగా పెట్టుకుని రకం కొమ్మను దాని మీద అంటు కడతారు. ఎర్రాకు చెట్టు గింజ వేసినా కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా, కొన్ని రెంటికీ మధ్య రంగులో వస్తాయి. కాబట్టి 'బ్లడ్‌గుడ్ విత్తనాలు' అని ఎవరైనా అమ్మితే, అది తల్లి చెట్టు పేరు మాత్రమే. మీరు కూడా విత్తనపు మొక్కను ఆ పేరుతో అమ్మకండి.

వెయ్యి మొక్కల మాటకొస్తే, వద్దని గట్టిగా చెబుతాను. మొదటి ఏడాది మొక్క నీడలో ముచ్చటగా పెరుగుతుంది, అక్కడే మోసపోతాం. ఈ చెట్టు ఏటా ఆకు రాల్చి, చలిలో నెలల పాటు నిద్రపోవాలి. అప్పుడే మొగ్గలు సమంగా విచ్చుకుంటాయి. మనకు జనవరి రాత్రుల సగటు 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మీ మొయినాబాద్ వైపు కొన్ని రాత్రులు 10కి పడినా, పగలు మళ్లీ 28, 30 అవుతుంది. ఆ చలి చాలదు. రెండు మూడేళ్లకు చివరి మొగ్గలు విచ్చక, కొమ్మలు ఎండుతూ మొక్క నీరసిస్తుంది. దీనికి తోడు మే నెలలో 40 దాటే వేడి, వడగాలి. ఆకు మొనలు గోధుమరంగుకు తిరిగి లోపలికి ఎండుతూ వస్తాయి. సన్నగా చీలిన ఆకు రకాల్లో ఇది ముందు మొదలవుతుంది. రంగు కూడా ఫొటోలో ఉన్నట్టు రాదు, ఎందుకంటే ఆకురాలే ముందు ఆ ఎరుపు తేలాలంటే రాత్రులు బాగా చల్లబడాలి.

నీళ్ల సమస్య ఇంకొకటి. మీ కుండీల అంచున తెల్లటి పొర కడుతోందా? బోరు నీటిలోని లవణాలవి. ఈ మొక్కకు కొద్దిగా ఆమ్లగుణమున్న నేల కావాలి, ఉదజని సూచిక (pH) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది. మన బోరు నీరు దాన్ని పైకి లాగుతుంది. పట్టి ఉంచుకున్న వాన నీరు పోస్తే మేలు.

మీకు మనసు పడితే ఇరవై గింజలతో సరదాగా చేయండి. పొద్దుటి ఎండ రెండు గంటలు మాత్రమే తగిలే తూర్పు వైపు, గాలి తగలని చోట మట్టి కుండీల్లో పెంచండి. ఎరువు తక్కువ వేయండి. ఎరువులు దండిగా వేసిన లేత చిగురు వేసవిలో ముందు మాడుతుంది. కొనేవాళ్లకు మాత్రం ఉన్న మాట చెప్పండి. సిమ్లా, కశ్మీర్ లాంటి చోట్ల చలికి నిలిచే చెట్టు గచ్చిబౌలి బాల్కనీలో నిలవదు. నమ్మి కొన్న వాళ్ల మొక్క రెండేళ్లకు ఎండిపోతే పోయేది మీ నర్సరీ పేరే.

విల్లాల వాళ్లు అడిగేది నిజానికి ఎర్రటి ఆకు. అది మన చెట్లలోనే ఉంది. మార్చిలో నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లో పుసుగు (హిందీలో కుసుమ్) చెట్టు చిగురు చూసినవాళ్లు మేపుల్ కోసం వెతకరు, చెట్టంతా ఎర్రగా వెలుగుతుంది. పెద్ద చెట్టవుతుంది, పెరుగుదల నిదానం, కనుక జాగా ఉన్న ఫామ్‌హౌస్‌లకు ఇవ్వండి. చలికాలంలో ఆకు ఎర్రబడి రాలేది కావాలంటే మామూలు బాదం చెట్టు ఉంది. చిన్న జాగాకు, కుండీకి ఎర్రాకు అకాలిఫా సరిపోతుంది. బోన్సాయ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు చింత, జువ్వి మన ఎండకు తట్టుకుంటాయి.

పుసుగు కాయలు జూన్, జులైలో పండుతాయి. గింజ మొలకశక్తి త్వరగా తగ్గిపోతుంది, నిలవ పెట్టకండి. గుజ్జు కడిగేసి వారంలోపే పొడవాటి పాలిథిన్ సంచుల్లో నేరుగా వేయండి.