నాటకం ఆడడం వేరు, నాటక సంస్థను నడపడం వేరు

ప్రశ్న: వాణిజ్యశాస్త్రంలో డిగ్రీ చేశాను, చిన్నప్పటి నుంచి నాట్యం నేర్చుకున్నాను. నాలుగేళ్లుగా ఒక నాటక బృందంలో హాలు మాట్లాడడం దగ్గర నుంచి కరపత్రాలు వేయించడం దాకా అన్నీ నేనే చూస్తున్నాను. కళా నాయకత్వం, సాంస్కృతిక నిర్వహణ పేరుతో కొన్ని విశ్వవిద్యాలయాలు పీజీ కోర్సులు నడుపుతున్నాయని తెలిసింది. వాటిలో నిజంగా నేర్పేదేమిటి? ఎంబీఏ చేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు నాలుగేళ్లుగా చేస్తున్న పనికి విశ్వవిద్యాలయాలు పెట్టిన పేరే అది. ఈ చదువు మరీ పాతదేమీ కాదు. అమెరికాలో కళలకు కేంద్ర ప్రభుత్వ నిధులు అందించే సంస్థ 1965లో ఏర్పడింది; ప్రజాధనం వస్తున్నప్పుడు దానికి లెక్క చెప్పగలిగిన మనిషి కూడా ఉండాలి కనుక, ఆ దశాబ్దం ద్వితీయార్ధంలోనే అక్కడ ఇటువంటి కోర్సులు మొదలయ్యాయి. 1975 నాటికి వాటిని బోధించేవారు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు.

ఎంబీఏకూ దీనికీ ఉన్న తేడా అర్థం కావాలంటే, విలియం బామల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లో చెప్పిన మాట తెలియాలి. బేతోవెన్ నలుగురు వాద్యకారుల కోసం రాసిన ఒక కృతిని వాయించడానికి ఆయన కాలంలో ఎంతమంది, ఎంతసేపు కావలసి వచ్చిందో నేటికీ అంతమందే, అంతసేపే కావాలి. కర్మాగారంలో యంత్రాల పుణ్యమా అని ఒక్కో కార్మికుడు గంటకు చేసే ఉత్పత్తి ఏటా పెరుగుతుంది, దానితో పాటు జీతమూ పెరుగుతుంది. వాద్యకారుడూ ఆ సమాజంలోనే బతకాలి కనుక అతని పారితోషికమూ పెంచక తప్పదు, కానీ అతన్ని రెట్టింపు వేగంతో వాయించమని అడగలేము. అందువల్ల ప్రదర్శన కళల్లో ఖర్చుకూ టికెట్ల రాబడికీ మధ్య ఉండే ఖాళీ నిర్వాహకుడి చేతకానితనం వల్లనే వచ్చినది కాదు, ఆ వృత్తి స్వభావంలోనే ఉన్నది. మామూలు వ్యాపారంలో నష్టం వస్తే ఆ సరుకు తయారీ ఆపేస్తారు. ఇక్కడ ఆ ఖాళీని గ్రాంట్లతో, దాతల విరాళాలతో, సభ్యత్వ రుసుములతో పూడ్చాలి. పూడ్చే క్రమంలో డబ్బిచ్చినవారి అభిరుచి వేదిక మీదికి ఎక్కకుండా చూసుకోవాలి. ఈ చదువులో కష్టమైన భాగమంతా ఆ రెండో పనిలోనే ఉంది.

తరగతిలో ఇది ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. నాలుగు వందల సీట్ల సభాగృహంలో మూడు రోజుల నాట్యోత్సవానికి బడ్జెట్ వేయమంటారు. అన్ని సీట్లూ అమ్ముడుపోతాయని రాబడి రాసుకున్న కాగితం వెంటనే వెనక్కి వస్తుంది. సగం సీట్లే నిండితే ఎంత, వాటిలో ఉచిత పాసులు పోను మిగిలేదెంత అని మళ్లీ లెక్క వేయాలి. ఆ తర్వాత ఖర్చులు చూస్తే, రిహార్సల్ రోజుల హాలు అద్దె, దీపాలవారి అదనపు గంటలు, సంగీతం హక్కుల రుసుము, బీమా, వీల్‌చెయిర్‌లో వచ్చేవారికి ర్యాంపు – వీటిలో చాలా భాగం తెర లేవకముందే ఖర్చయిపోతుంది. లోపల పదిమంది కూర్చున్నా నాలుగు వందల మంది కూర్చున్నా పెద్దగా తేడా ఉండదు. ఆ బడ్జెట్‌నే గ్రాంటు దరఖాస్తుగా తిరగరాయమన్నప్పుడు, ‘ఈ ఉత్సవం ఎవరికోసం?’ అన్న ప్రశ్న దగ్గర చాలామంది కలం ఆగిపోతుంది.

వీటితోపాటు ట్రస్టు బోర్డులతో వ్యవహరించడం, కాపీరైటు, ప్రేక్షకుల సర్వేలు, సాంస్కృతిక విధానం వంటివి ఉంటాయి. 1946లో ఏర్పడిన బ్రిటన్ ఆర్ట్స్ కౌన్సిల్ గురించి తప్పక చదివిస్తారు: డబ్బు ప్రభుత్వానిది, దాన్ని ఎవరికివ్వాలో తేల్చేది మాత్రం మంత్రి కాదు, కౌన్సిల్. సంప్రదాయ కళలు, ఆచారాల వంటి అమూర్త వారసత్వాన్ని కాపాడడం గురించి 2003లో, సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యం గురించి 2005లో కుదిరిన యునెస్కో ఒప్పందాలూ పాఠాల్లో కనిపిస్తాయి.

కోర్సును ఎంచుకునేటప్పుడు పేరులోని ‘నాయకత్వం’ అన్న మాటకు మోసపోకండి. అది కరపత్రాల్లో బాగా మెరుస్తుంది. నిరుటి విద్యార్థుల తుది ప్రాజెక్టుల పేర్లు అడిగి తెప్పించుకోండి. అవి ఏదో ఒక సంస్థ తలనొప్పిని తీర్చడానికి చేసినవైతే ఆ కోర్సు మంచిదే. బోధించేవారిలో ఎంతమంది సంస్థలు నడిపినవారో, ఇంటర్న్‌షిప్ ఎన్ని వారాలో కూడా కనుక్కోండి. ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారో చెబుతూ దరఖాస్తుతో పాటు ఇచ్చే వ్యాసంలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) నాట్యం మీద మీకున్న ప్రేమను ఒక వాక్యంలో ముగించి, ఈ నాలుగేళ్లలో దెబ్బతిన్న ఒక ప్రదర్శన గురించి, దానికి కారణం ఏమిటో కనుక్కున్న తీరు గురించి రాయండి. పెద్ద వినోద సంస్థల్లో ఉద్యోగమే మీ కోరిక అయితే మాత్రం ఎంబీఏ సరిపోతుంది.

ప్రశ్న: చిత్రకళలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వెంటనే ఈ కోర్సులో చేరవచ్చా?
– మరొక పాఠకుడు

జవాబు: చేరవచ్చు కానీ, ఒకటి రెండేళ్లు ఆగమనే చెబుతాను. అనుభవం లేకుండా వెళితే తరగతిలో మీ దగ్గర అడగడానికి ప్రశ్నలు ఉండవు. ఈలోగా ఏదైనా గ్యాలరీలో చిన్న పనైనా సంపాదించండి. అరువుకు తెచ్చిన చిత్రం చెక్కపెట్టెలో వచ్చినప్పుడు దాన్ని వెంటనే తెరవరు. ఆ గది వాతావరణానికి అలవాటు పడేందుకు సాధారణంగా ఒక రోజు అలాగే ఉంచుతారు. తర్వాత పక్క నుంచి దీపం వేసి, రంగు పెచ్చులూడినచోటల్లా గుర్తించి, కాగితం మీద నమోదు చేసి సంతకం పెడతారు; తిరిగి పంపేటప్పుడు ఆ కాగితమే సాక్ష్యం. అక్కడ మీకు బొమ్మ పక్కన ఉండి చేసే ఆ పని నచ్చితే, మీరు వెతకవలసింది మ్యూజియం అధ్యయనాల కోర్సు. ఆ బొమ్మను తెప్పించడానికి బీమా ఎవరు కట్టారు, ప్రదర్శనకు డబ్బెక్కడిది అన్నవైపు మనసు పోతే, అప్పుడు ఈ కోర్సుకు దరఖాస్తు చేయండి.