జైల్లో ఉండగానే అమెరికా కాంగ్రెస్‌కి గెలిచిన మాథ్యూ లయన్

"అమెరికాలో ఒక ఐరిష్ వలసదారు జైలు నుంచే ఎన్నిక గెలిచాడంటారు, నిజమేనా?" అని అడిగారు కదా. నిజమేనండి. ఆయన పేరు మాథ్యూ లయన్. రెండేళ్ల క్రితం దాకా నాకూ తెలీదు. ఆకులు ఎర్రబడే రోజుల్లో వెర్మాంట్ వెళ్తూ ఫెయిర్ హేవెన్ అనే చిన్న ఊళ్లో కాఫీకి ఆగాం. ఆ ఊరికి పునాది వేసింది ఈయనేనని అక్కడే తెలిసింది. మిగతా దారంతా నేను ఫోన్‌లో ఆయన గురించే చదువుతుంటే, డ్రైవింగ్ మా ఆవిడ నెత్తిన పడింది.

1749లో ఐర్లాండ్‌లోని విక్లోలో పుట్టాడు. పదిహేనేళ్లకే ఓడెక్కాడు. టికెట్‌కి డబ్బుల్లేక, ఆ బాకీ కింద కనెక్టికట్‌లో చాకిరీ చేశాడు. మధ్యలో ఒక యజమాని ఇంకొకరికి ఈయన్ని ఎడ్ల జతకి మార్చేశాడట! తర్వాత వెర్మాంట్ చేరి ఇనుము, కాగితం మిల్లులు పెట్టాడు, పత్రిక నడిపాడు, 1797లో కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో అడుగుపెట్టాడు.

1798 జనవరిలో రోజర్ గ్రిస్వోల్డ్ అనే సభ్యుడు పాత సైనిక అవమానం ఎత్తిపొడిస్తే, లయన్ సభలోనే అతని మొహాన ఉమ్మేశాడు. రెండు వారాలకి గ్రిస్వోల్డ్ చేతికర్రతో బాదాడు, ఈయన నిప్పుల పటకారు అందుకున్నాడు. అందరూ ఈ గొడవే చెప్పుకుంటారు. నాకైతే ఆ ఏడాది వచ్చిన చట్టాలే ముఖ్యం అనిపిస్తాయి. పౌరసత్వానికి నివాస కాలాన్ని 5 నుంచి 14 ఏళ్లకు పెంచారు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న నాకు అది చదవగానే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ప్రభుత్వాన్ని దుయ్యబడితే శిక్షించే సెడిషన్ చట్టం కూడా అప్పుడే వచ్చింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌ని విమర్శించినందుకు లయన్‌కి 4 నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన వెర్జెన్స్ జైల్లో ఉండగానే డిసెంబరు ఎన్నికలో జనం మళ్లీ గెలిపించారు.

1801లో థామస్ జెఫర్సన్, ఆరన్ బర్ మధ్య అధ్యక్ష ఎన్నిక టై అయి, తేల్చే పని ప్రతినిధుల సభకొచ్చింది. అక్కడ రాష్ట్రానికి ఒకే ఓటు. 36వ విడత ఓటింగ్‌లో వెర్మాంట్ రెండో సభ్యుడు తప్పుకోవడంతో, లయన్ ఒక్కడి ఓటే రాష్ట్రం ఓటుగా జెఫర్సన్‌కి పడింది. తర్వాత కెంటకీకి మారి, అక్కడి నుంచి 1803-1811 మధ్య మళ్లీ కాంగ్రెస్‌లో ఉన్నాడు. 1822లో అర్కాన్సాలో పోయాడు. ఆ జరిమానా 1840లో వడ్డీతో సహా వారసులకి తిరిగొచ్చింది.