రాగిరేకు మీద బొమ్మ వేయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను తల్లీ. కాన్వాస్ నేత నీ సన్న కుంచెకు అడ్డం పడుతోందనీ, ఈసారి రాగిరేకు మీద తైలవర్ణాలు వేసి చూస్తాననీ రాశావు. చాలా సంతోషం. అయితే, "రంగుల్లోంచి రాగి మెరుపు తొంగి చూస్తుంది కదా మామయ్యా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

రాగి మీద వేసిన పాత చిత్రాల్లో చాలావాటికి లోహానికీ రంగుకూ మధ్య తెల్లటిదో బూడిదరంగుదో ఒక అడుగుపూత ఉంటుంది. కాబట్టి వాటిలో కనిపించే కాంతి చాలావరకు రాగిది కాదు. ఆ తలం నునుపు వల్ల వచ్చింది. కాన్వాస్‌లాగా రాగి నూనెను పీల్చుకోదు. రంగు వెలవెలబోదు, ముదురు రంగులు వేసిన నాటి లోతుతోనే ఉంటాయి. వెంట్రుకవాసి గీత కూడా గీసినట్టే నిలుస్తుంది. జర్మన్ చిత్రకారుడు ఆడమ్ ఎల్స్‌హైమర్ 1609లో రాగి మీద వేసిన 'ఈజిప్టుకు పలాయనం' చూడు. 31 సెంటీమీటర్ల ఎత్తు, 41 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. అందులోనే నిండు చంద్రుడు, నీటిలో అతని నీడ, ఆకాశమంతా పాలపుంత. ఆ చుక్కలను గరుకు గుడ్డ మీద పెట్టడం ఎంత కష్టమో కుంచె పట్టిన నీకు వేరే చెప్పాలా!

రాగికి ఉన్న రెండో గుణం నిలకడ. గాలిలో తేమ మారినప్పుడల్లా చెక్క, గుడ్డ ఉబ్బుతాయి, కుంచించుకుపోతాయి. పైనున్న రంగు ఆ లాగుడుకు పగుళ్లు తీస్తుంది. రాగికి తేమతో ఆ గొడవ లేదు, వేడికి మాత్రం కొద్దిగా సాగుతుంది. ఫ్లెమిష్ చిత్రకారుడు యాన్ బ్రూగెల్ వంటివారు నాలుగు వందల ఏళ్ల కిందట రాగి మీద వేసిన బొమ్మల్లో పగుళ్లు అంత తక్కువగా ఉండటానికి ముఖ్యమైన కారణం అదే. మెరుపు కోసం కాకుండా ఈ నునుపు కోసం, నిలకడ కోసం రాగిని ఎంచుకో. అప్పుడు నీ పని తీరే మారుతుంది.

ఇక రేకు. అరచేయంత బొమ్మకైనా మిల్లీమీటరు మందానికి తగ్గవద్దు. మెత్తగా కాల్చిన రేకు కాకుండా కాస్త బిరుసుగా ఉన్నది తీసుకో. రాగి వంగినా విరగదు, దాని మీద ఆరిన రంగుకు మాత్రం ఆ ఓర్పు ఉండదు. ఒకసారి పూర్తయిన బొమ్మ ఒకటి నా చేతిలోంచి జారి బల్ల అంచుకు తగిలింది. మూల దగ్గర చిన్న సొట్ట పడింది. సొట్ట ఉన్నంత మేర రంగు పెచ్చుగా లేచి, కింద ఎర్రటి రాగి బయటపడింది. ఆరు వారాల పని అది. అప్పటినుంచి పలుచని రేకు ముట్టుకోలేదు. కోసిన అంచులను ఆకురాయితో అరగదీసి, మూలలు కొంచెం గుండ్రం చేయి. లేకపోతే వేళ్లు తెగుతాయి.

రేకు మీద పలుచని ప్లాస్టిక్ పొర ఉంటే ఒలిచెయ్యి. లక్క పూత ఉంటే అసిటోన్‌తో తుడిచెయ్యి. తరువాత సన్న ఎమరీ కాగితాన్ని తడిపి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ తలమంతా రుద్దు. అద్దంలా మెరిసే తలం మీద పూత పట్టు దొరకక జారుతుంది. పొడిగా రుద్దితే రాగి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే తడి. కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడువు.

అప్పుడు రేకును ఏటవాలుగా పట్టుకుని శుభ్రమైన నీళ్లు పొయ్యి. నీరు అంతటా ఒకే పలుచని పొరగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. తామరాకు మీద బొట్టులా ఎక్కడైనా విడిపోయి నిలిచిందా, అక్కడ జిడ్డు ఉంది. మళ్లీ మొదలుపెట్టు. ఈ ఒక్క పరీక్షకు బద్ధకించవద్దు, నీకు చెప్పేవాటిలో దీన్నే గట్టిగా చెబుతున్నాను. ఇక అక్కడినుంచి ఉత్త చేతులతో ముట్టుకోకు. ఒకసారి తొడుగులు లేకుండా వెనకవైపు పట్టుకున్నాను. కొన్ని నెలల తరువాత తిప్పి చూస్తే నా బొటనవేలి ముద్ర, గీతలతో సహా, నల్లగా అచ్చుపడి ఉంది. అదే రంగు కింద జరిగితే ఏమవుతుందో ఊహించుకో.

వెల్లుల్లి రెబ్బతో రుద్దమని పాత చిత్రకారుల పద్ధతుల్లో ఉంది. నేను చేసి చూశాను. గరుకు, శుభ్రత సరిగ్గా కుదిరాక దాని అవసరం నాకు కనబడలేదు.

అడుగుపూతగా నీ దగ్గరున్న యాక్రిలిక్ జెస్సో, అంటే కాన్వాస్ మీద రంగుకు ముందు వేసే తెల్లపూత, వేయవచ్చా అని అడిగావు. వద్దమ్మా. అందులో నీరు ఉంటుంది, తరచుగా కొంత అమ్మోనియా కూడా ఉంటుంది. రాగికి అమ్మోనియా పడదు. నూనెతో చేసిన తెల్ల పూతే వెయ్యి. సీసపు తెలుపు గట్టిగానూ, కాస్త వంగే గుణంతోనూ ఆరుతుంది, అందుకే పాతవారు దాన్నే నమ్ముకున్నారు. కానీ అది విషం. తొడుగులు లేకుండా ముట్టవద్దు, ఆరాక పొడిగా రుద్దనే వద్దు. ఆ జాగ్రత్త కుదరదనుకుంటే ఆల్కిడ్ తెలుపు (నూనెతో చేసిన కృత్రిమ జిగురు కలిపిన, త్వరగా ఆరే తెల్లరంగు) చాలు. రవ్వంత నలుపు, రవ్వంత కావిరంగు కలిపి బూడిదరంగు చేసుకుంటే వెలుగునీడలు తూచుకోవడం తేలిక. కుంచెతో పలుచగా పరిచాక, తొడుగు వేసుకున్న అరచేతితో తలమంతా తట్టు. కుంచె చారలు పోయి, సన్నని రేణువు తేలిన తలం వస్తుంది. కుంచెకు పట్టు దొరికేది ఆ రేణువు మీదే. పూర్తిగా ఆరనిచ్చి రెండో పూత వెయ్యి. తరువాత కొన్ని వారాలు దాని జోలికి పోకు.

మొదటి రోజు కుంచె జారుతుంది. వేసిన గీతను రెండో గీత చెరిపేస్తుంది. కంగారుపడకు, రంగును పీల్చే తలం కాదు కదా. మెత్తని వెంట్రుకల కుంచెతో, నూనె తక్కువ కలిపిన రంగును పలుచగా వేసి ఆపెయ్యి. అది ఆరాక, దాని మీద రెండో పొర చక్కగా కూర్చుంటుంది. నూనె మోతాదు పైపొరల్లోనే పెంచు.

అంతా చదివాక కూడా కొంత రాగిని బయటికి కనబడనివ్వాలని ఉంటే నీ ఇష్టం. కానీ నూనెలోని ఆమ్లాలు రాగితో కలిసి పచ్చని చిలుము కడతాయని గుర్తుంచుకో. ఆ చోట రంగుగానీ నూనెగానీ తగలకుండా వార్నిష్ వెయ్యి. కాలంతో అది గోధుమరంగుకు తిరిగినా నీ బొమ్మకు నప్పేలా ముందే ఆలోచించుకో.

వెనకవైపు మైనం పలుచగా రుద్ది మెరుగుపెట్టు. చట్రం ఓక్ చెక్కది వద్దు, దానినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి లోహానికి చేటు. బిగించి మేకులు కొట్టకుండా చుట్టూ కొంచెం సందు వదులు.

మొదట అరచేయంత ముక్క మీదే మొదలుపెట్టు. నీళ్లు ఎలా పరుచుకున్నాయో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య