పాలు పొయ్యి మీద పెట్టి పక్కకు వెళ్లకు

బంగారం,

నువ్వూ నీ స్నేహితురాలూ హాస్టల్ వదిలేసి కూకట్‌పల్లిలో గది తీసుకున్నారని, ఇకనుంచి ఆఫీసు దగ్గర కాఫీలు మానేసి ఇంట్లోనే ఫిల్టర్ కాఫీ పెట్టుకుంటారని, గ్యాసూ కరెంటూ ఎక్కడ మిగులుతాయో కాగితం మీద రాసుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మనింటి ఆడపిల్ల తన జీతం తనే లెక్క చూసుకుంటోందంటే గర్వంగా ఉండదూ? కానీ రాత్రి నిద్ర పట్టలేదే. ఆ కాగితంలో "పాలు సిమ్‌లో పెట్టి స్నానానికి వెళ్తే టైమూ గ్యాసూ రెండూ కలిసొస్తాయి" అని రాశావట. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు నీ లెక్క సరిచేస్తాను. కప్పు కాఫీకి ఖర్చయ్యే గ్యాసు కొద్ది గ్రాములే. కరెంటైనా అంతే, కెటిల్‌లో లీటరు నీళ్లు మరగడానికి యూనిట్‌లో పదో వంతు అవుతుంది, నీ ఫిల్టరుకు కావలసినవి అందులో పావు వంతు నీళ్లు. డబ్బు పోయేది అక్కడ కాదు. పొంగి పొయ్యిపాలైన పాలు, మిగిలిపోయి సింకులో పారబోసే డికాషన్, నెలకి సరిపడా ఒకేసారి కొని మూత సరిగా పెట్టక వాసన పోగొట్టుకున్న పొడి, నిజమైన ఖర్చులు ఇవీ. అర గ్లాసు పాలు పొంగిపోతే ఎన్ని రోజుల గ్యాసు పొదుపు అందులో కొట్టుకుపోతుందో నువ్వే చూసుకో, చదువుకున్నదానివి.

పొడి వారానికి సరిపడా కొను. ప్యాకెట్ మీద చికోరీ, అంటే కాఫీలో కలిపే ఒక వేరు పొడి, ఎంత శాతమో తప్పకుండా రాసి ఉంటుంది, చూసి కొను. చట్టం ప్రకారం చికోరీ కలిపిన పొడిలో కనీసం 51 శాతం కాఫీ ఉంటే చాలు, అంటే దాదాపు సగం చికోరీ ఉన్న పొడి కూడా దర్జాగా అమ్ముకోవచ్చు. 80 కాఫీ, 20 చికోరీ నాకు ఇష్టం. చిక్కదనం వస్తుంది, పొడి కొంచెం తక్కువ వేసినా సరిపోతుంది. అరకు కాఫీ కావాలంటే అప్పుడప్పుడు పండక్కి కొనుక్కో. 2019లో దానికి జీఐ గుర్తింపు, అంటే అది ఆ ప్రాంతపు పంటేనన్న ముద్ర, కూడా వచ్చింది, మన కొండల్లో గిరిజనులు పండించింది, ఒక్కసారైనా పాలు లేకుండా తాగి చూడు. రోజూ తాగడానికి మాత్రం అంత ఖరీదు అక్కర్లేదు.

డికాషన్ రాత్రే వేసేయి. ఒక్కసారి నీళ్లు మరిగించి, ముందు పొడి తడిసేంత పోసి, కాసేపాగి మిగతావి పోసి మూత పెట్టు. ఫిల్టరులో ఉండే చిల్లుల బిళ్ళతో పొడిని గట్టిగా నొక్కకు, డికాషన్ దిగదు. దిగట్లేదని మీ అమ్మలా ఫిల్టరు గట్టు మీద తట్టకు, మడ్డి దిగుతుంది. పొద్దున్నకి చక్కగా దిగి ఉంటుంది. దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి కాచకు, చేదెక్కుతుంది, మంటా దండగ. చల్లటి డికాషన్ మీద పొగలు కక్కే పాలు పొయ్యి, అదే వేడెక్కుతుంది. రెండోసారి నీళ్లు పోస్తే వచ్చే పల్చటి డికాషన్‌ను పారబోయకుండా మొదటి దాంట్లో కలుపుకుంటే సాయంత్రం కాఫీకి సరిపోతుంది, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు.

పాలు ఇద్దరికి ఎంతో అంతే కాచు. ఫ్రిజ్‌లోంచి పది నిమిషాల ముందు తీస్తే కాస్త త్వరగా కాగుతాయి, అంతకంటే ఎక్కువసేపు బయట ఉంచకు. చిన్న గిన్నెకి చిన్న బర్నర్. మంట గిన్నె పక్కలనుంచి పైకి వస్తుంటే ఆ వేడంతా గాలికి పోతున్నట్టే. మంట పసుపుగా వస్తే, గిన్నె అడుగు నల్లబడితే బర్నర్ చిల్లులు మూసుకుపోయాయని అర్థం, కడుగు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు, నేను చెప్తున్నాను, దాని మీద కోప్పడకు.

మేము రాజమండ్రిలో ఉండేటప్పుడు అది నా దగ్గరే ఉండి డిగ్రీ చదివేది. ఆ రోజుల్లో గ్యాసు కనెక్షన్ కావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, వచ్చాక కూడా సిలిండరు బుక్ చేస్తే ఎప్పుడు తెస్తారో తెలియదు. అందుకని ఇంట్లో అందరికీ పొదుపు పిచ్చి. అచ్చం నీలాగే మీ అమ్మా లెక్క వేసింది, సన్నటి సెగ మీద పాలు పెడితే తక్కువ గ్యాసు, ఈలోపు చదువూ అవుతుంది అని. పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం పాలు సిమ్‌లో పెట్టి పుస్తకం పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. నేను డాబా మీద వడియాలు తీస్తున్నాను. సిమ్ మీద పాలు పొంగవనుకుంటారు చాలామంది. పొంగుతాయి, కాస్త ఆలస్యంగా, అంతే. పైన మీగడ కట్టి లోపలి ఆవిరిని ఆపుతుంది, ఆపలేనప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. ఆ పాలు పొంగి బర్నర్ మీద పడి మంట ఆర్పేశాయి. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది.

మీ పెదనాన్న ఆఫీసునుంచి పెందలాడే వచ్చారు. ఎండకి తలుపులన్నీ మూసి ఉంచడంతో వంటిల్లు చీకటిగా ఉంది. జలుబు మీద ఉన్నారేమో, వాసన తెలియలేదు. లైటు స్విచ్ మీద చెయ్యి వేశారు. పక్కింటి మామ్మగారు సరిగ్గా అప్పుడే మా గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి "బాబూ, లైటు వెయ్యకు, గ్యాసు, గ్యాసు" అని కేక పెట్టింది. ఆ కేక నాకు డాబా మీదికి వినపడింది. ఈరోజుకీ వినపడుతుంది.

ఆమె రాకపోతే ఏమయ్యేదో నేను రాయను. వంటగ్యాసు గాలికంటే బరువు, పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. స్విచ్ వేస్తే వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే వాసన వస్తే లైటు వెయ్యకూడదు, వెలుగుతున్నది ఆర్పనూకూడదు, ఫ్యాను ముట్టుకోకూడదు. పొయ్యి కట్టెయ్యాలి, రెగ్యులేటర్ మూసెయ్యాలి, తలుపులూ కిటికీలూ తెరిచి బయటికి వచ్చెయ్యాలి. బయటికి వచ్చాకే ఫోన్ తీసి 1906కి చెయ్యాలి, అది గ్యాసు ప్రమాదాలకి రాత్రీ పగలూ పలికే నంబరు. ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకో, నీ స్నేహితురాలి ఫోన్‌లో కూడా.

ఆ రోజు మీ అమ్మ వీధిలో వేపచెట్టు కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మీ పెదనాన్న ఒక్క మాట అనలేదు. సందు చివర హోటల్‌కి వెళ్లి ఫ్లాస్కు నిండా కాఫీ తెచ్చి, మొదటి గ్లాసు దానికే ఇచ్చారు. పాలు పొయ్యి మీద ఉంటే ఫోన్ మోగినా, గుమ్మంలో ఎవరొచ్చినా గరిటె పట్టుకుని కదలకుండా నిలబడుతుందని మీ అమ్మని ఏడిపిస్తావే, అది అప్పటినుంచీ పట్టుకున్న భయం. ఇక ఏడిపించకు.

కాబట్టి చెప్తున్నాను, ఆ ఐదు నిమిషాలూ అక్కడే నిలబడు. మధ్యస్థంగా మంట పెట్టు, పొంగు రాగానే కట్టెయ్యి, సిమ్‌లో అరగంట పెట్టడం కంటే గ్యాసు తక్కువే అవుతుంది. నిలబడటం కుదరదంటావా, పాల కుక్కర్ కొనుక్కో. గోడల మధ్య నీళ్లు పోసి పెడితే విజిల్ వేస్తుంది, పాలు పొంగవు. ఆ నీళ్లు కాగడానికి కాస్త గ్యాసు ఎక్కువే అవుతుంది, అవనీ. ఆ ఖర్చు నేను పంపిస్తాను.

అసలు మీ ఇద్దరికీ గ్యాసు కంటే ఇండక్షన్ స్టవ్ మేలని నా మనసుకు అనిపిస్తోంది. వేడి నేరుగా గిన్నెలోనే పుడుతుంది కాబట్టి వృథా తక్కువ. అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి, నేనిచ్చిన ఇత్తడి గిన్నె దాని మీద పని చెయ్యదు. 1000 వాట్లలో పెడితే ఇద్దరి పాలు మూడు నిమిషాల్లో కాగుతాయి, అంటే యూనిట్‌లో ఇరవయ్యో వంతు. కానీ దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకు, గోడకున్న పెద్ద ప్లగ్గుకే, 16 ఆంపియర్లది. కెటిల్‌లో పాలు కాచకు, మాడి అడుగంటుతాయి. బోరు నీళ్లయితే కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది, అది పేరుకుంటే వేడెక్కడానికి టైము పడుతుంది, నెలకోసారి నిమ్మరసం పిండిన నీళ్లు మరిగించి కాసేపు ఉంచి కడిగెయ్యి.

గ్యాసే కావాలంటే, రోడ్డు పక్కన కొట్లలో నింపి ఇచ్చే చిన్న సిలిండర్ల జోలికి మాత్రం వెళ్లకు. వంద రూపాయలు తక్కువని నీ స్నేహితురాలు అన్నా సరే. గ్యాసు ఏజెన్సీలోనే 5 కిలోల సిలిండర్ ఇస్తారు, అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. సిలిండరు పైన పట్టీ లోపలివైపు ఏ, బీ, సీ, డీలలో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరినుంచి మార్చి వరకు, అలా మూడేసి నెలలు. అది సిలిండరును మళ్లీ పరీక్ష చెయ్యాల్సిన గడువు, దాటి ఉంటే తీసుకోకు, మార్చమని అడుగు, మొహమాటపడకు. రబ్బరు ట్యూబు మీద కూడా సంవత్సరం ఉంటుంది, ఐదేళ్లు దాటితే మార్చెయ్యి. ఇల్లుగలవాళ్ల ట్యూబే ఉంది కదా అని ఊరుకోకు.

మా ఇత్తడి ఫిల్టరు నీకోసం చింతపండుతో తోమి పక్కన పెట్టాను. వంటగది ప్లగ్గుదీ, సిలిండరు తీసుకుంటే దాని మీది అక్షరానిదీ, ట్యూబుదీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు. అవి చూశాకే కొరియర్ చేస్తాను.

మీ పెద్దమ్మ