అంబాసిడర్‌కు ఇసుజు బండి స్టీరింగ్ కాలమ్ బిగించే విషయం
మీ మార్క్ 2 అంబాసిడర్‌లో స్టీరింగ్ ప్లే (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే ఖాళీ) ఎక్కువైందని, దొరికిన 1.8 ఇసుజు బండి (1.8 లీటర్ల ఇసుజు ఇంజినుతో వచ్చిన అంబాసిడర్) కాలమ్, అంటే స్టీరింగ్ వీల్ కింది గొట్టం, లోపలి షాఫ్టు, బిగించవచ్చా అని అడిగారు. వద్దండీ. మీ బండికి గేరు రాడ్ కాలమ్ మీదే ఉంటుంది, ఇసుజు బండికి 5 గేర్ల బాక్సు, ఫ్లోర్ లివరు. కాబట్టి కాలమ్ ఒక్కటే మారిస్తే గేరు వేసే దారే ఉండదు.

ముందుగా ఒకరిని స్టీరింగ్ వీల్ అటూ ఇటూ కొద్దిగా కదపమని చెప్పి, కాలమ్ షాఫ్టు ర్యాక్‌తో (చక్రాలను అటూ ఇటూ తిప్పే పళ్ల కడ్డీతో) కలిసే చోట మీరు గమనించండి: షాఫ్టు తిరిగినా పినియన్ (ర్యాక్‌ను కదిపే చిన్న పళ్ల చక్రం) కదలకపోతే లోపం ఆ జాయింటులోనే ఉంది, రెండూ కదిలినా చక్రాలు ఆలస్యంగా తిరిగితే ర్యాక్ గానీ టై రాడ్ ఎండ్లు (ర్యాక్‌ను చక్రాలకు కలిపే కడ్డీల చివరి జాయింట్లు) గానీ అరిగినట్టు. స్టీరింగ్ వీల్ పైకీ కిందికీ ఊగితే కాలమ్ పై బుష్ చూడండి, అది చవకలో పోయే పని. స్ప్లైన్లు (షాఫ్టు చివర ఉండే గాళ్ల లాంటి పళ్లు) కలవడం లేదని షాఫ్టు కోసి వెల్డింగు చేస్తాననే మెకానిక్‌కు, ఎంత చేయి తిరిగినవాడైనా సరే, బండి అప్పగించకండి.